హాస్టల్లో చదివే పిల్లల కోసం సర్కారు ఇచ్చే డబ్బు: కాగితం నుంచి ఖాతా దాకా

ఓ కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసిన రోజుల్లో మా చేతులమీదుగా జరిగిన పొరపాటు ఒకటి ముందే ఒప్పుకుంటాను. సెకండియర్ అబ్బాయి ఒకడు వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "సార్, మా రూమ్మేట్‌కి నాకంటే దాదాపు రెట్టింపు శాంక్షన్ చూపిస్తోంది" అన్నాడు. ఇద్దరిదీ ఒకే బ్రాంచి, ఒకే కేటగిరీ, హాస్టల్లో ఒకే గది. కంప్యూటర్ తెరిచి చూస్తే ఇతని పేరు పక్కన 'డే స్కాలర్', అంటే ఇంటి నుంచి వచ్చి వెళ్లే విద్యార్థి, అని ఉంది. అడ్మిషన్ల హడావుడిలో మావాళ్లెవరో అలా ఎక్కించేశారు. ఏడాదిపాటు ఎవరూ చూసుకోలేదు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు గానీ, జేబులోంచి మెస్ బిల్లుల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టాడు. నెలనెలా కట్టినవి, రబ్బర్ బ్యాండ్ వేసి దాచినవి.

పిల్లలు ఇంటికి దూరంగా ఉంటే ఇచ్చే డబ్బు ఒకే పథకం కింద, ఒకే పేరుతో రాదు. కేంద్ర ఉద్యోగికి అది 'హాస్టల్ సబ్సిడీ'. తెలంగాణ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో 'ఎంటీఎఫ్', అంటే మెయింటెనెన్స్ ఫీజు. కేంద్ర స్కాలర్‌షిప్‌లో 'అకడమిక్ అలవెన్స్'. ఆదాయపు పన్ను లెక్కలో దానికి మరో పేరు. పేరు ఏదైనా మెలిక మాత్రం ఒక్కటే. పిల్లవాడు నిజంగా బయట ఉంటున్నాడని, ఆ ఉంటున్న చోటు నిబంధనలు ఒప్పుకునే రకమేనని కాగితం మీద తేలాలి. రెండు తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులు ఆ పని ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను.

అడుగు 1: మీకు వర్తించేది ఏదో తేల్చుకోండి

అమ్మానాన్నల్లో ఒకరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయి, బిడ్డ పన్నెండో తరగతి లోపు చదువుతుంటే నేరుగా అడుగు 3కి వెళ్లండి. డబ్బు అక్కడే ఎక్కువ.

బిడ్డ ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ లాంటివి చదువుతూ, మీ ఆదాయం పరిమితిలోపు ఉంటే మీది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ దారి. ఎస్సీ పిల్లలకు కేంద్ర పథకంలో తల్లిదండ్రుల వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు పరిమితి.

పదో తరగతి లోపు పిల్లలకు చేతికొచ్చే డబ్బు కంటే ఉచిత వసతి రూపంలో అందేదే ఎక్కువ. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు, నవోదయ అన్నీ ఆ కోవలోవే. అయితే ఎస్సీ పిల్లలకు 9, 10 తరగతుల్లో ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటి నుంచి వెళ్లొచ్చేవారికి ఏడాదికి రూ.3,500, హాస్టల్లో ఉండేవారికి రూ.7,000. తెలంగాణలో 'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకం కింద ఎంపికైన ఎస్సీ, ఎస్టీ పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ఎస్సీ పిల్లలకు డే స్కాలర్‌గా ఒకటో తరగతిలో, హాస్టల్ వసతితో ఐదో తరగతిలో ప్రవేశం. ఏడాదికి డే స్కాలర్ మీద రూ.28,000, హాస్టల్ పిల్లల మీద రూ.42,000 చెల్లిస్తారు. వేసవిలో జిల్లా సంక్షేమ శాఖ ప్రకటన ఇచ్చి, లాటరీ తీస్తుంది. ఆ ప్రకటన ఒకటి రెండు వారాల్లో గడువు దాటిపోతుంది కాబట్టి మే నెల నుంచే కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద కన్నేసి ఉంచండి.

ఈ మూడింట్లో దేనికీ రానివాళ్లకు పన్ను మినహాయింపు, విద్యా రుణం మీద వడ్డీ రాయితీ మిగులుతాయి. వాటి సంగతి చివర్లో.

అడుగు 2: మీ బిడ్డ ఉన్నది సర్కారు లెక్కలో హాస్టలేనా?

చాలామంది పట్టించుకోని ప్రశ్న ఇది. మనకైతే నెలకింత కట్టి మంచం వేసుకుంటే అది హాస్టలే. ఫారంలో అలా కాదు. ఈపాస్‌లో నాలుగు రకాలు కనిపిస్తాయి: కాలేజీ అటాచ్డ్ హాస్టల్, డిపార్ట్‌మెంట్ అటాచ్డ్ హాస్టల్, స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టల్, డే స్కాలర్. మొదటిది కాలేజీ నడిపేది, రెండోది సంక్షేమ శాఖ నడిపేది, మూడోది పిల్లలే కలిసి నడుపుకునేది. ఈ మూడూ కానిది ఏదైనా, ఊరికి వంద మైళ్ల దూరంలో ఉన్నా సరే, డే స్కాలర్ గడిలోకి పోయే ప్రమాదం ఉంది.

డిపార్ట్‌మెంట్ అటాచ్డ్ హాస్టల్లో చేరితే ఒక విషయం ముందే తెలుసుకోండి. అక్కడ మెయింటెనెన్స్ డబ్బు పిల్లవాడి తిండి కింద హాస్టల్ ఖాతాకే పోతుంది. "అందరికీ పడ్డాయి, మాకే పడలేదు" అని ఆఫీసు చుట్టూ తిరిగిన తల్లిదండ్రుల్లో సగం మంది పిల్లలు ఇలాంటి హాస్టళ్లలో ఉన్నవాళ్లే. వాళ్లకు రావాల్సింది అన్నం రూపంలో వస్తోంది. తెలంగాణలో 2024 చివర్లో ఈ డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. 3 నుంచి 7 తరగతుల పిల్లలకు నెలకు రూ.950 ఉన్నది రూ.1,330 అయింది. 8 నుంచి 10 వరకు రూ.1,100 నుంచి రూ.1,540కి, ఇంటర్ మొదలు పీజీ దాకా రూ.1,500 నుంచి రూ.2,100కి చేరింది. ఈ అంకెలు గుర్తుంటే హాస్టల్‌కు వెళ్లినప్పుడు కంచంలో ఏముందో చూసి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు.

ఇక అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ప్రైవేటు హాస్టల్లో ఉండే పిల్లల సంగతి. కాలేజీలో హాస్టల్ సీటు దొరకనివాళ్ల కోసం కేంద్ర పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో ఏళ్ల తరబడి ఒక వెసులుబాటు నడిచింది. పిల్లవాడు ఉండే చోటును ప్రిన్సిపాల్ చూసి, సీటు దొరకకే అక్కడ ఉంటున్నాడని సర్టిఫికెట్ ఇస్తే హాస్టల్ రేటే ఇవ్వొచ్చు. కనీసం ఐదుగురు కలిసి ఉమ్మడి మెస్ నడుపుకుంటే దాన్ని హాస్టల్‌గానే లెక్కేశారు. స్టూడెంట్ మేనేజ్డ్ అన్న గడి వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. కాబట్టి మీరు చేయాల్సింది ఇది: ముందు కాలేజీ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టండి, సీటు లేదని రాతపూర్వకంగా తీసుకోండి, అది జతచేసి మీ కోర్సుకు ఏ గడి వర్తిస్తుందో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌ను అడగండి. నోటిమాటగా అడిగితే "రాదండీ" అంటారు. లెటర్ పెట్టి అడిగితే ఫైలు తీస్తారు. కౌంటర్ అవతల కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

అడుగు 3: కేంద్ర ఉద్యోగుల హాస్టల్ సబ్సిడీ

రైల్వే, పోస్టాఫీసు, ఆదాయపు పన్ను శాఖ లాంటి చోట్ల పనిచేసేవాళ్లకు పిల్లల చదువు భత్యం, హాస్టల్ సబ్సిడీ అని రెండు విడివిడిగా ఉంటాయి. ఒకే బిడ్డకు రెండూ తీసుకోవచ్చు. ఏడో వేతన సంఘం తర్వాత 2017 జూలై నుంచి చదువు భత్యం నెలకు రూ.2,250, హాస్టల్ సబ్సిడీ గరిష్ఠంగా రూ.6,750. డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగినప్పుడల్లా ఇవి 25 శాతం పెరుగుతాయి. 2024 జనవరి 1న డీఏ 50 శాతానికి చేరడంతో చదువు భత్యం రూ.2,812.50, హాస్టల్ సబ్సిడీ గరిష్ఠం రూ.8,437.50 అయ్యాయి. ఏడాదికి లెక్కేస్తే రూ.33,750, రూ.1,01,250. రెండూ కలిపి ఒక్కో బిడ్డకు రూ.1,35,000 దాకా.

దీనికి షరతులున్నాయి. బతికున్న పిల్లల్లో పెద్దవాళ్లిద్దరికే వర్తిస్తుంది, రెండో కాన్పులో కవలలు పుడితే మినహాయింపు. ఒకటో తరగతికి ముందున్న తరగతుల నుంచి పన్నెండో తరగతి వరకే. 20 ఏళ్లు నిండడం, పన్నెండు పాసవడం, ఈ రెంట్లో ఏది ముందైతే అంతవరకు; దివ్యాంగులైన పిల్లలకు 22 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే ఒకరే క్లెయిమ్ చేయాలి. పిల్లవాడు ఆ ఏడాది ఫెయిలైనా డబ్బు ఆగదు.

ఎక్కువమంది దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది 50 కిలోమీటర్ల నిబంధన. మీరు ఉంటున్న ఇంటికి, ఆ రెసిడెన్షియల్ విద్యాసంస్థకు మధ్య కనీసం 50 కిలోమీటర్లు ఉండాలి. ఉప్పల్‌లో కాపురముంటూ అమ్మాయిని మియాపూర్ రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే, ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా సరే, సబ్సిడీ రాదు. విజయవాడలో ఉండి గుంటూరులో చేర్చినా రాదు. హైదరాబాద్ నుంచి వరంగల్ అయితే ఇబ్బందే లేదు. పైగా అది విద్యాసంస్థకు చెందిన హాస్టలై ఉండాలి. బయట గది తీసుకుంటే ఈ లెక్కలోకి రాదు.

రెండోది రసీదు. చదువు భత్యానికి మీరు ఎంత ఖర్చు పెట్టారన్నదానితో పనిలేదు, పిల్లవాడు చదివాడని సర్టిఫికెట్ చాలు, నిర్ణీత మొత్తం వస్తుంది. హాస్టల్ సబ్సిడీ అలా కాదు. వసతికి, భోజనానికి నిజంగా ఎంత అయిందో అది గానీ, గరిష్ఠ మొత్తం గానీ, ఏది తక్కువైతే అది ఇస్తారు. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల రసీదులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పెద్ద అక్షరాలతో కాలేజీ పేరు, కింద ఒకే ఒక్క లైను: 'ఫీజు రూ.1,80,000'. అందులో చదువుకెంత, అన్నానికెంత, మంచానికెంత అన్నది లేదు. ఆ రసీదు పెడితే మీ అకౌంట్స్ సెక్షన్ వెనక్కి పంపడం ఖాయం. అదే ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద "ఫలానా విద్యార్థి గత విద్యాసంవత్సరం మా సంస్థలో హాస్టల్లో ఉండి చదివారు, వసతి, భోజనాల కింద రూ.90,000 చెల్లించారు" అని రాసి ముద్రవేస్తే మీకు ఆ రూ.90,000 వస్తుంది. రూ.1,20,000 అని రాస్తే రూ.1,01,250 దగ్గర ఆగుతుంది. సర్టిఫికెట్ దొరక్కపోతే మార్కుల కార్డు నకలు మీద మీ సంతకం, దాంతోపాటు వసతి, భోజనాల ఖర్చు విడిగా చూపే అసలు రసీదులు ఇవ్వొచ్చు. అడ్మిషన్ రోజున డబ్బు కట్టేముందే "రసీదులో హాస్టల్ విడిగా రాయండి" అని అడగండి. కట్టేశాక మీ మాట వినే ఓపిక వాళ్లకు ఉండదు.

క్లెయిమ్ ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదికి ఒకసారే. ఏప్రిల్ రాగానే సర్టిఫికెట్ కోసం వెళ్లండి. ఇంటర్ సెకండియర్ పరీక్షలయ్యాక పిల్లలు టీసీ తీసుకుని వెళ్లిపోతారు. తర్వాత జూలైలో వెళితే ఆ పాత రికార్డు ఏ బీరువాలో ఉందో వెతకాలి. మధ్యలో మీరు రిటైరైనా ఆ విద్యాసంవత్సరం చివరి వరకు చదువు భత్యం మీకు వస్తుంది, అది వదులుకోవద్దు.

ఒక చిన్న పక్కమాట. బిడ్డకు నవోదయ సీటొస్తే వసతి, భోజనం ఉచితం. 9 నుంచి 12 తరగతుల వరకు విద్యాలయ వికాస నిధి కింద నెలకు రూ.600 తీసుకుంటారు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పిల్లలకు అది కూడా లేదు. ప్రభుత్వోద్యోగుల పిల్లలకైతే రూ.1,500.

అడుగు 4: పోస్ట్ మెట్రిక్‌లో ఎంత, ఎలా

ఎస్సీ పిల్లలకు 2021లో సవరించిన కేంద్ర పథకంలో కోర్సులను నాలుగు గ్రూపులు చేశారు. ఏడాదికి ఇచ్చే అకడమిక్ అలవెన్స్ ఇలా ఉంటుంది:

- ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి విద్యా డిగ్రీలు, పీజీలు: హాస్టల్ రూ.13,500, డే స్కాలర్ రూ.7,000
- రెండో గ్రూపు వృత్తి కోర్సులు: రూ.9,500, రూ.6,500
- మామూలు డిగ్రీ, పీజీ: రూ.6,000, రూ.3,000
- ఇంటర్, ఐటీఐ లాంటివి: రూ.4,000, రూ.2,500

దివ్యాంగులకు దీనిమీద 10 శాతం అదనం. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా ఆధార్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. అలా పడిన డబ్బులో కాలేజీకి చేరాల్సిన ఫీజు వాటా కూడా ఉండొచ్చు. పెద్ద మొత్తం పడిందని ఫోన్ కొనేసి, తర్వాత హాల్ టికెట్ దగ్గర కాలేజీతో తగవు పడ్డ పిల్లల్ని చూశాను. పడగానే కాలేజీకి వెళ్లి ఏది ఎంతో లెక్క అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో పేర్ల గందరగోళం ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో మొదలైన జగనన్న వసతి దీవెన కింద ఐటీఐకి రూ.10,000, పాలిటెక్నిక్‌కు రూ.15,000, డిగ్రీ ఆపైన రూ.20,000 చొప్పున ఏడాదికి రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక పాత పేరు పోయి, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద ఫీజు వాటా ఆర్‌టీఎఫ్‌గా, వసతి వాటా ఎంటీఎఫ్‌గా మారాయి. గ్రామ, వార్డు సచివాలయంలో వసతి దీవెన అని అడిగి, లేదనిపించుకుని వెనక్కి రావద్దు. ఎంటీఎఫ్ అని అడగండి. జ్ఞానభూమి పోర్టల్‌లో చూసేదీ ఆ పేరు మీదే.

తల్లికి వందనం హాస్టల్ కోసం పెట్టింది కాదు గానీ, బయట చదివే పిల్లల తల్లులు దీని గురించి తరచూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఒకటి నుంచి ఇంటర్ వరకు చదివే ప్రతి బిడ్డకూ రూ.15,000 లెక్కగట్టి, రూ.2,000 బడి నిర్వహణకు ఉంచుకుని రూ.13,000 తల్లి ఖాతాలో వేశారు. హాజరు 75 శాతం ఉండాలి. సచివాలయం రికార్డులో తల్లీ బిడ్డా ఒకే కుటుంబంగా మ్యాప్ అయి ఉండాలి. బిడ్డ వేరే జిల్లాలో ఉంటోందని, దగ్గరగా ఉంటుందని అమ్మమ్మగారింటి కార్డులో చేర్చితే ఇక్కడ ఇరుక్కుంటారు. హాస్టల్లో ఉన్నంత మాత్రాన కుటుంబం మారదు, పేరు ఇంట్లోనే ఉంచండి.

దరఖాస్తు క్రమం తెలంగాణలో ఇలా సాగుతుంది. పదో తరగతి హాల్ టికెట్ నంబరు, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, అలాట్‌మెంట్ ఆర్డర్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటో దగ్గర పెట్టుకుని ఈపాస్‌లో కొత్తదైతే ఫ్రెష్, పాతదైతే రెన్యువల్ నమోదు చేయాలి. తర్వాత వేలిముద్ర. తర్వాత ప్రింటు తీసి, సంతకం పెట్టి, హార్డ్ కాపీలు కాలేజీలో ఇవ్వాలి. అక్కడి నుంచి ప్రిన్సిపాల్ ధ్రువీకరణ, జిల్లా సంక్షేమాధికారి శాంక్షన్, ట్రెజరీ బిల్లు. ఆన్‌లైన్ అయిపోయింది కదా అని హార్డ్ కాపీలు ఇవ్వని పిల్లలు ప్రతి సంవత్సరం ఉంటారు. వాళ్ల దరఖాస్తు కదలకుండా కాలేజీ లాగిన్‌లోనే పడి ఉంటుంది.

మూడు చోట్ల ఆగిపోతుంది. ఒకటి, పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం. ఇంటిపేరు ముందో వెనకో, 'లక్ష్మి' చివర 'ఐ' ఉందో 'వై' ఉందో, అంత చిన్న తేడా చాలు. మెమో మార్చడం కంటే ఆధార్ మార్చడం సులువు. రెండు, 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఇవ్వకపోవడం. చిన్నప్పటి వేలు ఇప్పటి మెషీన్‌కు కుదరదు, మీసేవలో పదిసార్లు నొక్కినా రాదు. మూడు, మేనేజ్‌మెంట్ కోటా సీటు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అడ్మిషన్ ఏజెంట్ "అన్నీ వస్తాయి సార్" అంటే నమ్మకండి.

ఫారంలో వసతి గడి దగ్గరికొచ్చేసరికి ఒక్క నిమిషం ఆగండి. నెట్ సెంటర్ కుర్రాడు వరసగా యాభై దరఖాస్తులు కొడుతుంటాడు, అతని చెయ్యి అలవాటుగా డే స్కాలర్ మీదకే పోతుంది. ప్రింటు చేతికి రాగానే పేరు, ఆధార్, ఖాతా నంబరుతో పాటు ఆ గడి కూడా వేలు పెట్టి చదవండి.

అడుగు 5: ఖాతా సంగతి

శాంక్షన్ అయినా డబ్బు కనపడకపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే. "మా ఖాతాకు ఆధార్ లింకు ఉంది" అంటారు. ఉంటుంది. కానీ ఆధార్ కాగితం బ్యాంకులో ఇవ్వడం వేరు, ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్ అనే జాబితాలో నమోదవడం వేరు. డబ్బు వెళ్లేది రెండోదాని ప్రకారం. మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే ఉంటుంది, చివరగా నమోదైనదే చెల్లుతుంది. అందులో ఖాతా నంబరు కూడా ఉండదు, బ్యాంకు పేరే ఉంటుంది.

ఇది హాస్టల్ పిల్లలకే ఎక్కువగా తగులుతుంది. ఇంటర్లో ఉండగా ఊళ్లో గ్రామీణ బ్యాంకులో ఖాతా. ఇంజనీరింగ్‌లో చేరిన వారంలో కాలేజీ ఆవరణలో వేరే బ్యాంకు వాళ్లు టెంటు వేసి, టీ షర్టు ఇచ్చి ఇంకో ఖాతా తెరుస్తారు. ఫారంలో ఓ మూల 'ప్రభుత్వ ప్రయోజనాలు ఈ ఖాతాకు రావడానికి అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్కు పడుతుంది. ఆ రోజుతో ఊళ్లోని ఖాతాకు దారి మూసుకుపోతుంది. తండ్రి ఊళ్లో పాస్‌బుక్ ప్రింటు వేయిస్తూనే ఉంటాడు, డబ్బు పట్నంలో ఎవరూ చూడని ఖాతాలో పడి ఉంటుంది.

చూసుకోవడం కష్టం కాదు. మైఆధార్ వెబ్‌సైట్‌లో పిల్లవాడి ఆధార్‌తో లాగిన్ అయితే 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది. ఏ బ్యాంకు, యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. లాగిన్‌కు ఓటీపీ రావాలంటే ఆధార్‌లో ఫోన్ నంబరు పనిచేసేదై ఉండాలి. ఎప్పుడో మేనమామ నంబరు ఇచ్చి ఉంటే ముందు అది మార్పించండి. బ్యాంకు మార్చాలంటే కోరుకున్న బ్రాంచికి వెళ్లి "ఎన్‌పీసీఐ సీడింగ్, డీబీటీ కోసం" అని స్పష్టంగా చెప్పి ఫారం ఇవ్వండి (డీబీటీ అంటే ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు). నకలు మీద తేదీ ముద్ర వేయించుకోండి. వారం తర్వాత మళ్లీ స్టేటస్ చూడండి.

పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలతో ఇంకో చిక్కు. వాటిలో ఏడాదికి మొత్తం రూ.1 లక్ష కంటే ఎక్కువ జమ కాకూడదు, ఏ సమయంలోనూ రూ.50,000 మించి నిల్వ ఉండకూడదు. ప్రభుత్వం వేసే డబ్బుకు ఆ నిల్వ పరిమితి వర్తించదు గానీ, ఏడాది జమ పరిమితి దాటితే చిక్కు రావొచ్చు. దరఖాస్తుకు ముందే కేవైసీ పూర్తి చేయించండి.

అడుగు 6: రాకపోతే

ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. ఈపాస్ స్టేటస్‌లో కాలేజీ దగ్గరే ఉందంటే పని కాలేజీలో. శాంక్షన్ అయి బిల్లు ట్రెజరీలో ఉందంటే కాలేజీవాళ్లను తిట్టి లాభం లేదు, నిధులు విడుదలయ్యేదాకా ఆగాల్సిందే. రెండు రాష్ట్రాల్లోనూ ఈ బకాయిలు నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగడం కొత్త కాదు. అందుకే మెస్ బిల్లు ఈ డబ్బు మీద ఆధారపడి పెట్టుకోవద్దని ప్రతి తండ్రికీ చెప్పేవాణ్ని. వచ్చినప్పుడు పాత అప్పు తీర్చుకోవడానికి పనికొస్తుందంతే. కేంద్ర వాటా అయితే కేంద్ర చెల్లింపుల వెబ్‌సైట్ పీఎఫ్ఎంఎస్‌లో పేమెంట్ స్టేటస్ దగ్గర చూడొచ్చు.

ఎవరూ సరిగ్గా చెప్పకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. అక్కడ అర్జీలు తీసుకునే కార్యక్రమం పేరు తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్. అర్జీకి రసీదు నంబరు ఇస్తారు. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయండి. రూ.10 రుసుము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "నా స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదు" అని రాయకండి, దానికి జవాబు రాదు. "ఫలానా అప్లికేషన్ నంబరుకు శాంక్షన్ ఇచ్చిన తేదీ, మంజూరైన మొత్తం, అందులో నమోదైన వసతి రకం, ట్రెజరీ బిల్లు నంబరు, తేదీ తెలుపండి" అని రాయండి. చాలాసార్లు ఆ కాగితం చేరగానే జవాబు కంటే ముందు ఫైలు కదులుతుంది.

ఇవేవీ వర్తించనివాళ్లకు

జీతంలో హాస్టల్ ఖర్చుల భత్యం ఇచ్చే సంస్థలో పనిచేస్తే, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద పాత పన్ను విధానంలో ఒక్కో బిడ్డకు నెలకు రూ.300 చొప్పున ఇద్దరికి మినహాయింపు ఉండేది. అంటే ఏడాదికి బిడ్డకు రూ.3,600, టీ ఖర్చులకు సరిపోతుందేమో. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వర్తిస్తుంది గనుక ఆ ఏడాది నుంచి కొత్త నియమాల్లోని అంకె మీ ఆఫీసులో అడిగి రాసుకోండి. ఆ పాత చట్టంలోని 80సీ సెక్షన్ కింద ట్యూషన్ ఫీజు చూపొచ్చు, హాస్టల్ ఫీజు చూపకూడదు. ఇద్దరు ఆడిటర్లలో ఒకరు ఈ తేడా చెప్పరు.

నా ఉద్దేశంలో మధ్యతరగతికి ఇంతకంటే ఉపయోగపడేది విద్యా రుణం, ఎందుకంటే దాంట్లో హాస్టల్, మెస్ ఖర్చు కూడా కలుపుతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన మంచి ర్యాంకు సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే రూ.10 లక్షల వరకు రుణానికి, చదువు కాలం, ఆ తర్వాతి విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం రూ.4.5 లక్షల లోపై, సాంకేతిక, వృత్తి కోర్సు అయితే ఆ కాలానికి వడ్డీ మొత్తం రాయితీ. ఆ 3 శాతం రాయితీ ఇచ్చేది ఏడాదికి లక్ష మందికే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకుని, తర్వాతే బ్యాంకుకు వెళ్లండి.

ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు కదూ. వాళ్ల నాన్న పెట్టిన మెస్ బిల్లుల కట్ట జతచేసి, వార్డెన్ సర్టిఫికెట్ పెట్టి, మా తప్పేనని ప్రిన్సిపాల్‌తో లెటర్ రాయించి జిల్లా ఆఫీసుకు పంపాం. సెకండియర్ రెన్యువల్‌లో హాస్టల్ అని సరిచేశారు. ఫస్టియర్ అప్పటికే బిల్లయిపోయిందని ఆ ఏడాది తేడా మాత్రం ఇవ్వలేదు.